నాలుగు వాట్ల లెక్క: సీబీ రేడియో కొనేముందు

ఇది సీబీ రేడియో మీద ఇచ్చిన ప్రసంగం. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక వరుసలోవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, ముందుకు వచ్చి కూర్చోమంటాను గానీ ఈ మైకు వాల్యూం మాత్రం పెంచను. ఇందాక ఒకసారి పెంచితే ఏమైందో విన్నారుగా? గుయ్యిమంది. శబ్దం పెరిగింది, మాట పోయింది. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం ఆ గుయ్యిలోనే ఉంది, కాస్త గుర్తుపెట్టుకోండి.

ఈ పని నా మీద ఎందుకు పడిందంటే, పోయిన రెండు నెలల్లో నాకు మూడు ఫోన్లు వచ్చాయి. ఒకాయన ట్రక్కు నడుపుతారు, ఇక్కడే కూర్చున్నారు, పేరు చెప్పను. ఇంకొకరు ఆర్‌వీ, అంటే లోపలే పడుకునే వసతి ఉన్న పెద్ద బండి, కొన్నారు, సెలవుల్లో నాలుగు కుటుంబాలు బండ్లు వరసగా వేసుకుని వెళ్లాలని ప్లాను. మూడో ఆయన ఊరికి దూరంగా పొలం కొన్నారు, అక్కడ సెల్ సిగ్నల్ అందదు. ముగ్గురూ అడిగింది ఒకటే. "అన్నా, బాగా పవర్ ఉన్న సీబీ ఏదైనా ఉంటే చెప్పు."

సరే, సమాధానం ముందే చెప్పేస్తాను, తర్వాత కునుకు తీసేవాళ్లు తీయొచ్చు. అమెరికాలో చట్టప్రకారం బాగా పవర్ ఉన్న సీబీ అంటూ ఏదీ లేదు. ఏఎంలో 4 వాట్లు. ఎఫ్‌ఎంలోనూ 4 వాట్లే. సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో, అదే ఎస్‌ఎస్‌బీ అంటారు, దాని సంగతి తర్వాత చెప్తాను, పీక్ పవర్ 12 వాట్లు. ఇది ఎఫ్‌సీసీ, అంటే అమెరికాలో రేడియోల రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ, పెట్టిన గీత. యాభై డాలర్ల సెట్టుకైనా ఇదే గీత, రెండు వందల డాలర్ల సెట్టుకైనా ఇదే గీత. మరి ఆ నూట యాభై డాలర్ల తేడా దేనికి? అక్కడికే వస్తున్నాను.

ముందు ఈ 4 వాట్ల గీత ఎందుకో తెలియాలి. లేకపోతే "ఎవడు చూడొచ్చాడు" అనిపిస్తుంది. నాకూ అనిపించింది ఒకప్పుడు, ఆ కథ తర్వాత చెప్తాను. 27 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు జనానికి ఈ చానళ్లు ఇచ్చింది 1958లో. అప్పుడు 23 చానళ్లు, లైసెన్సు తీసుకోవాలి. 1973లో చమురు సంక్షోభం వచ్చింది, ఆ తర్వాత హైవేల మీద 55 మైళ్ల స్పీడు లిమిట్ వచ్చింది. ట్రక్కు డ్రైవర్లు డీజిల్ ఎక్కడ దొరుకుతుందో, పోలీసు ఎక్కడ కాపు కాశాడో ఒకరికొకరు చెప్పుకోవడానికి సీబీ పట్టుకున్నారు. వాళ్లను చూసి కార్లవాళ్లు, ఇళ్లలోవాళ్లు. చివరికి అధ్యక్షుడు ఫోర్డ్ గారి భార్య బెట్టీ ఫోర్డ్ కూడా సీబీలో మాట్లాడింది, ఆమె పెట్టుకున్న పేరు ఫస్ట్ మామా. జనం పెరిగారు, చానళ్లు చాలలేదు. 1977లో 40 చేశారు. దరఖాస్తులు తట్టుకోలేక 1983లో లైసెన్సే ఎత్తేశారు.

అంటే ఏమిటి? ఇంత పెద్ద దేశం మొత్తానికి 40 చానళ్లు. ఏ చానలూ ఎవరి సొంతం కాదు. 26.965 దగ్గర మొదలై 27.405 దగ్గర అయిపోతుంది, అర మెగాహెర్ట్జ్ కూడా లేదు. పైగా ఈ 27 మెగాహెర్ట్జ్‌కి ఒక గుణం ఉంది. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్లలో పైనున్న వాతావరణ పొర, అయనోస్ఫియర్, దీన్ని అద్దంలా కిందకు తిప్పి పంపుతుంది. అప్పుడు మీ 4 వాట్లే వెయ్యి మైళ్ల అవతల దిగుతాయి. దీన్ని స్కిప్ అంటారు. మరి అలాంటి రోజున ఒకాయన తన ట్రక్కులో వెయ్యి వాట్లు పెట్టుకుని మాట్లాడితే? నాలుగు రాష్ట్రాల్లో ఆ చానల్ ఆయనదే. మధ్యలో టైరు పేలి సాయం అడుగుతున్నవాడి గొంతు ఎవరికీ వినపడదు. గీత గీసింది అందుకు.

ఇప్పుడు లెక్క. భయపడకండి, చిన్న లెక్కే. రేడియో మీద సిగ్నల్ మీటరు ఉంటుంది చూశారా, 1 నుంచి 9 దాకా అంకెలు. మీ సిగ్నల్ అవతలివాడి మీటరులో ఒక్క అంకె పైకెక్కాలంటే మీ పవర్ ఎన్ని రెట్లు కావాలి? ఎవరైనా చెప్పండి. రెండా? కాదు. నాలుగు రెట్లు. 4 వాట్లు 16 అయితే ఒక అంకె. 64 అయితే రెండో అంకె. 256 అయితే మూడో అంకె. 256 వాట్లకు బ్యాటరీ నుంచి ఎంత కరెంటు లాగుతుందో, దానికి ఎంత లావు వైరు కావాలో మీరే ఊహించుకోండి. వచ్చింది మూడు అంకెలు. ఇంకో మోటు లెక్క: నేల మీద నడిచే సిగ్నల్‌కి దూరం రెట్టింపు కావాలంటే పవర్ సుమారు 16 రెట్లు కావాలి. రెట్టింపు దూరం, 16 రెట్ల పవర్. మళ్లీ చెప్తున్నాను, 16 రెట్లు.

ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో. నేను ఈ దేశం వచ్చిన కొత్తల్లో పాత పికప్ ఒకటి కొన్నాను. హైవే పక్కన ఒక షాపులో నల్లగా నిగనిగలాడే రేడియో ఒకటి అద్దాల పెట్టెలో ఉంది. 80 వాట్లు అన్నాడు. "పీక్ చేసి, ట్యూన్ చేసి ఇస్తాం, ఎకో కూడా వస్తుంది" అన్నాడు. ఎకో అంటే నాకు పడిచచ్చేంత ఇష్టం, పెళ్లిళ్ల మైకుసెట్టు గుర్తొచ్చింది. కొనేశాను. యాంటెన్నా కూడా వాళ్ల దగ్గరే తీసుకుని, ఇంటికి తెచ్చి అద్దం బ్రాకెట్‌కి నేనే బిగించుకున్నాను. రెండు వారాలు రాజాలా తిరిగాను. ఎవరిని పలకరించినా "ఏమంటున్నావ్, మళ్లీ చెప్పు" అనేవాళ్లు. నేను ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి. మూడో వారం ఒక రోజు డ్యాష్‌బోర్డ్ కింద నుంచి కాలిన వాసన. అంతే, మైకు నొక్కితే లైటు వెలుగుతోంది, గొంతు వెళ్లట్లేదు.

నాతో పనిచేసే ఒక పెద్దాయనకు హామ్ లైసెన్స్, అంటే పరీక్ష రాసి తీసుకునే సరదా రేడియో లైసెన్సు, ఉంది. ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. సెట్టు విప్పి చూసి, పవర్‌ను యాంటెన్నాకి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్లు మాడిపోయాయి అన్నారు. తర్వాత అడిగారు, "ఎస్‌డబ్ల్యూఆర్ ఎంత ఉంది?" అదేమిటి అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇంట్లోంచి తన పాత కోబ్రా 29 తెచ్చారు, 4 వాట్లది. జేబులో పట్టేంత మీటరు ఒకటి తెచ్చారు. నా యాంటెన్నాకే కలిపి చూశారు. ముల్లు 3 దాటి ఎర్ర గీతలోకి పోయింది. ఆయన వంగి బ్రాకెట్ కింద చూశారు. పెయింటు మీదే బిగించాను నేను. యాంటెన్నా ఆనుకున్నది రంగు మీద, లోహం మీద కాదు. గరుకు కాగితంతో రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, మెరుస్తున్న ఇనుము కనపడ్డాక మళ్లీ బిగించారు. ముల్లు 1.4 దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ రోజు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఒక డ్రైవరు, నా 80 వాట్లు విని "ఏమంటున్నావ్" అన్నవాడే, ఆ 4 వాట్లు విని "ఇప్పుడు బాగుంది" అన్నాడు.

కాబట్టి రేడియోకి ముందు యాంటెన్నా. నా మాట వింటే మీ బడ్జెట్‌లో సగం దానికే పెట్టండి. ఎందుకంటే యాంప్లిఫయర్ పెడితే మీ గొంతు ఒక్కటే పెరుగుతుంది, మంచి యాంటెన్నా పెడితే గొంతూ పెరుగుతుంది, వినికిడీ పెరుగుతుంది. ట్రక్కర్లు బోలెడు పవర్ పెట్టుకుని ఏమీ వినపడనివాణ్ణి ఎలిగేటర్ అంటారు. మొసలి. నోరు ఇంతుంటుంది, చెవులు కనపడవు. బాగా పెట్టిన పేరు.

పొడవు విషయం. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో పావు వంతు యాంటెన్నాకి సరైన కొలత, అంటే దాదాపు 108 అంగుళాలు. 102 అంగుళాల ఉక్కు కడ్డీ, కింద ఒక స్ప్రింగు పెట్టుకుని తిరిగేవాళ్లను మీరు చూసే ఉంటారు. అది పెట్టుకోగలిగితే దానికి సాటి లేదు. కానీ గ్యారేజీ తలుపుకు తగులుతుంది, ఇంట్లో తిట్లు పడతాయి. కుదరనప్పుడు తీగ చుట్ట ఉన్న నాలుగైదు అడుగులది తీసుకోండి. రెండడుగుల అందమైన బుల్లి యాంటెన్నాలు ఉంటాయి, వాటి జోలికి పోకండి. పొట్టి అయ్యేకొద్దీ మీ పవర్‌లో ఎక్కువ భాగం గాల్లోకి పోకుండా ఆ చుట్టలో వేడిగా మిగిలిపోతుంది. ఎక్కడ పెట్టాలి? ఇనుప టాపు నడిమధ్యన అయితే అన్నిటికన్నా మేలు. యాంటెన్నా సగం అయితే దాని కింద పరుచుకున్న లోహం మిగతా సగం. ఫైబర్‌గ్లాస్ ఆర్‌వీ ఉన్నవాళ్లకు ఆ రెండో సగం ఉండదు, వాళ్లు గ్రౌండ్ అక్కర్లేని రకం యాంటెన్నా అని అడిగి తీసుకోవాలి.

ఇక ఎస్‌డబ్ల్యూఆర్. రేడియో పంపిన పవర్‌లో ఎంత యాంటెన్నా మింగింది, ఎంత వెనక్కి కక్కింది, దాని లెక్క. 1.5 లోపు ఉంటే బంగారం. 2 దాకా ఫరవాలేదు. 3 వస్తే నాలుగో వంతు వెనక్కి వస్తున్నట్టు. నాలుగో వంతు పోవడం దూరంలో మీకు పెద్దగా తెలియదు, నిజం చెప్పాలి కదా. అసలు నష్టం ఆ వెనక్కి వచ్చేది మీ ఫైనల్ ట్రాన్సిస్టర్‌ను ఉడికించడం. నాకు ఉడికింది.

చూసే పద్ధతి చాలా తేలిక. బండిని ఖాళీ జాగాలో ఆపండి, గోడ పక్కన కాదు, చెట్టు కింద కాదు, తలుపులన్నీ మూసేయండి. మీటరును రేడియోకీ యాంటెన్నా కేబుల్‌కీ మధ్య పెట్టండి. చానల్ 1లో మైకు నొక్కి ఎంతుందో రాసుకోండి, చానల్ 40లో ఎంతుందో రాసుకోండి. నొక్కేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినండి, అది మర్యాద. 40లో ఎక్కువ, 1లో తక్కువ వచ్చిందా? యాంటెన్నా పొడవెక్కువ, కొంచెం తగ్గించాలి. 1లో ఎక్కువ వచ్చిందా? పొట్టి, పెంచాలి. కోయాల్సి వస్తే మాత్రం పిసినారిలా కోయండి, ఒక్కోసారి రెండు మూడు మిల్లీమీటర్లు. కోసింది మళ్లీ అతకదు. రెండు చోట్లా 3 దాటితే పొడవు సంగతి వదిలేయండి, బ్రాకెట్ దగ్గర రంగు గీకండి.

ఇంకొకటి, కరెంటు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే ఇంజను రొద అంతా రేడియోలోకి వస్తుంది. బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగండి, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు పెట్టండి. దీనిమీద ఇంతకన్నా చెప్పను.

ఇప్పుడు ఆ నూట యాభై డాలర్ల తేడా. ఎస్‌ఎస్‌బీ. నా లెక్కలో చట్టం లోపల మీరు కొనుక్కోగలిగిన అసలైన పవర్ ఇదే. ఎలాగో చూడండి. ఏఎంలో మీరు మైకు నొక్కగానే 4 వాట్ల క్యారియర్ బయల్దేరుతుంది, మీరు మాట్లాడినా మాట్లాడకపోయినా. అందులో మాట లేదు, ఖాళీ బండి అది. మీరు నిండుగా మాట్లాడినప్పుడు దానికి అటు ఒక వాటు, ఇటు ఒక వాటు చేరుతాయి. ఆ రెండూ ఒకే మాటకు రెండు కాపీలు. మొత్తం 6 వాట్లు, అందులో మాట మోసేది రెండు, అదీ డబుల్ కాపీ. ఎస్‌ఎస్‌బీ ఏం చేస్తుంది? ఖాళీ బండిని తీసేసింది, రెండో కాపీని తీసేసింది, 12 వాట్లూ ఒక్క కాపీలో పెట్టింది. వినేవాడి రేడియో కూడా సగం వెడల్పే వింటుంది కాబట్టి రొద కూడా తగ్గుతుంది. ఇంత లాభం, చట్టం లోపల!

మరి అందరూ ఎందుకు వాడరు? చానల్ 19లో ట్రక్కర్లందరూ ఏఎంలో ఉంటారు. మీరు ఎస్‌ఎస్‌బీలో మాట్లాడితే వాళ్లకు బాతు అరిచినట్టు వినిపిస్తుంది. ఆ రెండు కాపీల్లో ఒకటి అప్పర్ సైడ్, ఒకటి లోయర్ సైడ్; ఇద్దరూ ఒకే సైడ్‌లో ఉండాలి, క్లారిఫయర్ అనే మర కొంచెం కొంచెం తిప్పుతూ గొంతును మనిషి గొంతు చేసుకోవాలి. ఓపిక కావాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లు 36 నుంచి 40 దాకా ఉంటారు, ముఖ్యంగా 38లో లోయర్ సైడ్‌లో. యూనిడెన్ బేర్‌క్యాట్ 980 లాంటివి ఈ రకం. ట్రక్కు ముచ్చట్లు వినడానికే అయితే ఎస్‌ఎస్‌బీకి డబ్బు పెట్టకండి, మామూలు ఏఎం సెట్టు చాలు. సీబీలో ఎఫ్‌ఎంకి ఎఫ్‌సీసీ 2021లో ఒప్పుకుంది. దగ్గరదగ్గరగా వెళ్లే బండ్ల మధ్య శుభ్రంగా వినపడుతుంది, దూరానికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

రూల్స్. ఇందాకటి నుంచి ట్రక్కు ఆయన నన్నే చూస్తున్నారు, తెలుసు, అడగండి. ఆ... "పీక్ అండ్ ట్యూన్ చేయిస్తే తప్పా?" అంటున్నారు. తప్పే. సీబీ సెట్టుకు ఎఫ్‌సీసీ సర్టిఫికేషన్ ఉండాలి, వెనక ఎఫ్‌సీసీ ఐడీ ఉన్న లేబుల్ చూసుకోండి. లోపల విప్పి పవర్ పెంచితే ఆ సర్టిఫికేషన్ చెల్లదు. పైగా ట్యూన్ చేశామనేవాళ్లలో చాలామంది చేసేది, గొంతు హద్దు మీరకుండా ఆపే సర్క్యూట్‌ను కత్తిరించేయడం. అప్పుడు మీ గొంతు పక్క చానళ్లలోకి కారిపోతుంది. అదే మన గుయ్యి. బయట పెట్టే యాంప్లిఫయర్, లీనియర్ అంటారు, అదీ నిషేధమే. పది వాట్లదైనా నిషేధమే.

ఇక ఆ 80 వాట్ల నల్ల సెట్టు సంగతి. వీటిని 10 మీటర్ రేడియో అని, ఎక్స్‌పోర్ట్ రేడియో అని అమ్ముతారు. 28 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండ్ కోసం అని డబ్బా మీద ఉంటుంది, లోపల ఒక వైరు కోస్తే 27కి దిగుతుంది. తేలిగ్గా సీబీగా మార్చగలిగేది ఏదైనా మా దృష్టిలో సీబీయే, దానికి సర్టిఫికేషన్ లేకుండా అమ్మకూడదు అని ఎఫ్‌సీసీ చెప్తుంది. నేను ఆ తర్వాత హామ్ లైసెన్స్ తీసుకున్నాను. అయినా ఆ సెట్టుతో సీబీలో మాట్లాడే హక్కు నాకూ లేదు. ఎఫ్‌సీసీ మనిషి వచ్చి స్టేషన్ చూపించమంటే చూపించాలి, లైసెన్సు లేదు కాబట్టి చూపించను అనడానికి లేదు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. చానల్ 9 ఎమర్జెన్సీకి, దారిలో సాయానికి, అక్కడ కబుర్లు పెట్టకండి. పాటలు వేయకూడదు. బూతులు కూడదు, వినపడుతూనే ఉంటాయి అనుకోండి, అది వేరే సంగతి. ఇంటి మీద యాంటెన్నా పెడితే నేల నుంచి 60 అడుగులు, లేదా అది నిలబడ్డ కట్టడం మీద 20 అడుగులు, ఈ రెండిట్లో ఏది ఎత్తయితే అంతవరకు. ఎయిర్‌పోర్టు దగ్గరలో ఉంటే ఇంకా తక్కువ. పొలం కొన్న ఆయనా, మీకోసమే ఇది, ఎత్తు మీద పెట్టండి, మీకు వాట్లు అక్కర్లేదు. 155 మైళ్లు దాటి మాట్లాడకూడదని పాత రూలు ఒకటి ఉండేది, 2017లో తీసేశారు. స్కిప్‌లో ఎవరైనా పలికితే ఇప్పుడు హాయిగా పలకొచ్చు.

అయినా నాకు పవరే కావాలి అంటారా? తీసుకోండి, దారి ఉంది. ఆర్‌వీ వాళ్లకు జీఎంఆర్‌ఎస్, అది మామూలు జనం మాట్లాడుకోవడానికే ఇచ్చిన ఇంకో రేడియో సర్వీసు. పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే పదేళ్ల లైసెన్సు, ఒకరు తీసుకుంటే ఆ కుటుంబం అంతా వాడుకోవచ్చు. కొన్ని చానళ్లలో 50 వాట్ల దాకా ఇస్తారు, రిపీటర్లు, అంటే మన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే స్టేషన్లు, కూడా వాడుకోవచ్చు. నాలుగు బండ్లు వరసగా వెళ్లడానికి సీబీ కన్నా అదే మేలు అని నేనంటాను. ట్రక్కర్లు మాత్రం అందులో దొరకరు. ఇంకా పైకి వెళ్లాలంటే హామ్. మొదటి మెట్టు టెక్నీషియన్, 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే పాస్. మన పిల్లలు పదేళ్లకే రాసేస్తున్నారు. ఆ లైసెన్సుతో 28.3 నుంచి 28.5 మెగాహెర్ట్జ్ దాకా ఎస్‌ఎస్‌బీలో 200 వాట్లు, చట్టబద్ధంగా. సీబీకి పక్క వీధే అది.

అమ్మా, మీరేదో అడుగుతున్నారు. "ఈ సెట్టు ఇండియా తీసుకెళ్లొచ్చా?" అని. అక్కడ లైసెన్సు లేకుండా 5 వాట్ల దాకా ఇచ్చింది 26.957 నుంచి 27.283 వరకే. మన 40 చానళ్లు 27.405 దాకా పోతాయి, కొలత కుదరదు. పెట్టెలో పెట్టకండి.

నా బండిలో మీటరు ఉంది, ఆ పెద్దాయన ఇచ్చిందే. గరుకు కాగితం కూడా తెచ్చాను. యాంటెన్నా ఉన్నవాళ్లందరూ పార్కింగ్‌లోకి రండి, ఒక్కొక్కటే చూద్దాం. ముందు ఆ తెల్ల పికప్ ఎవరిదో చెప్పండి. వస్తూ చూశాను, యాంటెన్నాను ప్లాస్టిక్ రాక్‌కి బిగించారు.